మట్టాంచేరి పరదేశి సినగాగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినగాగ్ ఎక్కడ ఉంది? ఎవరు కట్టారు?

కేరళలోని కొచ్చిలో, మట్టాంచేరి జ్యూ టౌన్‌లో, సినగాగ్ లేన్ అనే సందు చివర ఉంది. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు సినగాగ్ అంటే సమాజమందిరం. యూదులు కూడి ప్రార్థన చేసుకునే చోటు. దీన్ని 1568లో కట్టారు. కట్టినవాళ్లు స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమివేతకు గురై వచ్చిన యూదులు, వాళ్లతో కలిసిన సిరియా, ఇరాక్ ప్రాంతాల వర్తకులు. శామ్యూల్ కాస్టీల్, డేవిడ్ బెలీలా, జోసెఫ్ లెవీ వంటి పెద్దలు ముందుండి కట్టించారని చెబుతారు. బయటి దేశాల నుంచి వచ్చారు కాబట్టి స్థానికులు వాళ్లను పరదేశులన్నారు. గుడికీ ఆ పేరే పడింది.

భారతదేశంలో యూదుల మొదటి మందిరం ఇదేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గైడ్లు ఒకే ఊపిరిలో బైబిల్‌లోని సొలొమోను రాజు ఓడల దగ్గర మొదలుపెట్టి, రాగి శాసనం మీదుగా చైనా పలకల దాకా వచ్చేస్తారు. వినేవాళ్లకు అదంతా ఈ ఒక్క కట్టడం చరిత్రే అనిపిస్తుంది. నిజానికి అవి వేరువేరు కాలాలు, వేరువేరు ఊళ్లు, చాలావరకు వేరువేరు జనాలు. కాలాలను విడదీసి చూస్తేనే ఈ సినగాగ్ అర్థమవుతుంది.

సొలొమోను కాలంలో యూదులు మలబారు తీరానికి వచ్చారన్నది, క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలాక ఇక్కడికి చేరారన్నది సంప్రదాయంగా వస్తున్న మాటలు. వాటికి శాసనాధారం లేదు. గట్టి ఆధారంగా ఎక్కువగా చెప్పుకునేది క్రీ.శ. 1000 ప్రాంతపు రాగి శాసనం. చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు రాగి రేకుల మీద హక్కులు రాసిచ్చాడు. అది కొడుంగల్లూరు సంగతి, అంటే పాత ముజిరిస్ రేవు ప్రాంతం. ఆ తర్వాతది చేందమంగలంలో దొరికిన సమాధి రాయి. ఇశ్రాయేలు కూతురు సారా అని హీబ్రూలో చెక్కి ఉంది, సంవత్సరం 1269. భారతదేశంలో దొరికిన హీబ్రూ సమాధి శాసనాల్లో అన్నిటికన్నా పాతదిగా దీన్ని లెక్కిస్తారు.

1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదతో కొడుంగల్లూరు రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర సముద్రపు నోరు తెరుచుకుందని చెబుతారు. రేవు ఎటు కదిలితే వర్తకులు అటు కదిలారు. కొచ్చిలోని కొచ్చంగాడిలో 1344లో యూదులు ఒక సినగాగ్ కట్టారు. అది ఎప్పుడో పోయింది. దాని శిలాఫలకం ఒక్కటే మిగిలింది, ఇప్పుడు పరదేశి సినగాగ్ ప్రాంగణం గోడలో అమర్చి ఉంది. మీరు లోపలికి వెళ్లినప్పుడు ఆ రాయిని చూసి ‘ఈ గుడి 1344 నాటిది’ అనుకోకండి. రాయి 1344ది, గోడ తర్వాతది.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లు దాటాక వచ్చింది పరదేశి సినగాగ్. కాబట్టి ఇక్కడ చూసేది రెండు వేల ఏళ్ల కట్టడం కాదు. అప్పటికే పాతుకుపోయిన ఒక యూదు సమాజం పక్కన, కొత్తగా వలస వచ్చినవాళ్లు తమకోసం కట్టుకున్న గుడి.

ఆ వలసదారులు ఎందుకు, ఏ దారిన వచ్చారు?

1492లో స్పెయిన్ తన యూదులను వెళ్లగొట్టింది. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌లోకి వెళ్లారు. 1496-97లో పోర్చుగల్ కూడా వాళ్లను మతం మారమనో పొమ్మనో అంది. అక్కడినుంచి కొందరు ఉత్తరాఫ్రికా, టర్కీ, సిరియా మీదుగా తూర్పుకు వచ్చారు. అలెప్పో, బాగ్దాద్, యెమెన్‌ల నుంచి, అక్కడక్కడా జర్మనీ నుంచి వచ్చిన కుటుంబాలు కూడా వాళ్లలో కలిశాయి. తర్వాతి కాలంలో పేరు మోసిన రహబీలు, హల్లేగ్వాలు అలెప్పో మూలాలవాళ్లు, కోడర్లు బాగ్దాద్‌వాళ్లు.

కొచ్చినే ఎంచుకోవడానికి కారణం ఒకే ఒక్క సరుకు: మిరియాలు. సరుకు ఇక్కడిది, కొనేవాళ్లు ఐరోపాలో, మధ్యలో నమ్మకస్తులైన దళారులు కావాలి. అలెప్పోలో ఒక బంధువు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బంధువు ఉన్న కుటుంబానికి ఆ పని కొట్టిన పిండి.

వాళ్లకు ముప్పు కూడా ఆ ఐరోపా నుంచే వెంటాడింది. పోర్చుగీసువాళ్లు అప్పటికే ఈ తీరంలో ఉన్నారు. 1560లో గోవాలో మతవిచారణ న్యాయస్థానం (ఇన్‌క్విజిషన్, క్రైస్తవం తప్పారని అనుమానించినవాళ్లను శిక్షించేది) పెట్టారు. కొడుంగల్లూరు యూదులు 1524లో మిరియాల వ్యాపార తగాదాలో దాడికి గురయ్యారు, 1565 ప్రాంతంలో పోర్చుగీసుల చేతిలో అక్కడి మిగతా స్థావరమూ పోయింది. కొడుంగల్లూరు నుంచి వచ్చినవాళ్లు, పడమటి నుంచి వచ్చినవాళ్లు ఇద్దరూ కొచ్చి రాజు నీడకు చేరారు.

రాజు తన కోట పక్కనే స్థలం ఎందుకు ఇచ్చాడు?

ఉదారత ఉంది, లెక్కా ఉంది. కోట పక్కనుంటే పోర్చుగీసువాళ్లు చెయ్యి వేయడానికి వెనకాడతారు. అది యూదులకు రక్షణ. వ్యాపారం, సుంకం, అప్పులు ఇచ్చే చేతులు కోటకు అందుబాటులో ఉంటాయి. అది రాజుకు లాభం. యూదుల తరఫున మాట్లాడే పెద్దకు రాజు ముదలియార్ అనే బిరుదు ఇచ్చాడు, చిన్న చిన్న తగవులు తీర్చే అధికారం కూడా అతనికే అప్పగించాడు.

మట్టాంచేరి కోట ఆవరణలో పళయన్నూర్ భగవతి గుడి ఉంది. దానికీ సినగాగ్‌కీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఒక పక్క భగవతి దీపం, ఇంకో పక్క యూదుల పవిత్ర గ్రంథమైన తోరా ముందు దీపం, రెండూ కొబ్బరినూనెతోనే వెలిగాయి.

1662లో ఏం జరిగింది?

డచ్చివాళ్లు కొచ్చిని ముట్టడించారు. యూదులు డచ్చివాళ్ల వైపు మొగ్గారు. పోర్చుగీసు రికార్డు తెలిసినవాళ్లకు అందులో ఆశ్చర్యం ఉండదు. ఆ ఏడు డచ్చివాళ్లు పట్టు చిక్కక వెనక్కి తగ్గారు. పోర్చుగీసువాళ్లు కోపమంతా జ్యూ టౌన్ మీద తీర్చుకున్నారు. ఇళ్లు దోచారు, సినగాగ్‌కు నిప్పు పెట్టారు. మరుసటి ఏడు 1663 జనవరిలో డచ్చివాళ్లు మళ్లీ వచ్చి కొచ్చి గెలిచారు. 1664కల్లా సినగాగ్ మళ్లీ లేచింది. అందుకే పునాది ఏడు 1568 అయినా, ఇప్పుడు కనబడే నిర్మాణంలో చాలా భాగం ఆ తర్వాతిదే.

డచ్చి కాలం 1795 దాకా సాగింది. పరదేశి యూదులకు అంత మంచి కాలం మళ్లీ రాలేదు. 1686లో ఆమ్‌స్టర్‌డామ్ యూదుల తరఫున మోసెస్ పెరేరా డి పైవా వచ్చి, ఇక్కడి కుటుంబాలు, సినగాగ్‌లు, ఆచారాలు చూసి వెళ్లాడు. మరుసటి ఏడు ఆ వివరాలు పోర్చుగీసు భాషలో అచ్చయ్యాయి. కొచ్చి యూదుల గురించి ఐరోపాకు తెలిసిన తొలి నమ్మకమైన వివరణల్లో అది ఒకటి.

గడియారం గోపురం ఎవరిది?

ఎజెకియేల్ రహబీది. 1694లో పుట్టి 1771లో పోయిన ఈయన డచ్చి ఈస్టిండియా కంపెనీకి కొచ్చిలో ప్రధాన వర్తకుడు. మిరియాల బేరాలే కాదు, తిరువాంకూరు రాజుతోనూ కోళికోడ్ పాలకుడు సామూద్రితోనూ కంపెనీ రాయబారాలు కూడా ఆయన చేతి మీదుగా నడిచేవి. 1760 ప్రాంతంలో గోపురం, 1762లో నేల పలకలు ఆయన చలవే.

గోపురం ఎత్తు సుమారు 45 అడుగులు. గడియారం ముఖాల మీద అంకెలు ఒకే లిపిలో ఉండవు. కోట వైపు మలయాళ అంకెలు, సినగాగ్ వైపు హీబ్రూ అక్షరాలు, బేరగాళ్ల కోసం రోమన్ అంకెలు. ఎవరి గడియారం వాళ్లు చూసుకోవచ్చు.

అయితే కొచ్చి గాలిలో ఉప్పు, ఏడాదిలో సగం వాన. కర్ర దూలాలు కుళ్లాయి, యంత్రం తుప్పుపట్టి దశాబ్దాల తరబడి ఆగిపోయింది. 1990ల చివర్లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో గోపురాన్ని బాగుచేశారు. ఈ తీరంలో పాత కట్టడాలన్నిటి జబ్బూ ఇదే. సున్నం గోడ నిలుస్తుంది, దాని మీద కూర్చున్న కర్ర ముందు పోతుంది. పైకప్పు పెంకు ఒక్కటి జారితే చాలు, రెండు మూడు వానాకాలాల్లో దూలం చివర మెత్తబడుతుంది.

లోపల ఏమేం ఉంటాయి? ఏది ఏమిటో ఎలా గుర్తుపట్టాలి?

బయట ప్రాంగణం, తర్వాత అజారా అనే ముందు గది, ఆ తర్వాత అసలు ప్రార్థనశాల. అజారా మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనిపడుతుంది.

ప్రార్థనశాలలోకి అడుగుపెట్టగానే ఎదురుగా పడమటి గోడకు చెక్కడాలు, బంగారు పూత ఉన్న పెద్ద అల్మారా కనిపిస్తుంది. అదే మందసం. తోరా చుట్టలు అందులో ఉంటాయి. యూదులు యెరూషలేము వైపు తిరిగి ప్రార్థిస్తారు. కొచ్చి నుంచి యెరూషలేము పడమట, కాబట్టి మందసం పడమట. ఐరోపా సినగాగ్‌ల ఫొటోలు చూసి ‘తూర్పున కదా ఉండాలి’ అనేవాళ్లు ఉన్నారు. దిక్కు ఊరిని బట్టి మారుతుంది.

గది నడిమధ్య ఇత్తడి కటకటాలున్న వేదిక ఉంది. దాన్ని తేబా అంటారు. తోరా చదివేది, ప్రార్థన నడిపించేది అక్కడినుంచే. ఇప్పుడు తల ఎత్తి వెనక్కి, తూర్పు వైపు చూడండి. ద్వారం పైన మేడ మీద ఇంకో తేబా కనిపిస్తుంది. కేరళ సినగాగ్‌ల ప్రత్యేకత ఇదే. శబ్బాతు రోజున, అంటే విశ్రాంతి దినమైన శనివారం, పండుగల్లో తోరా చదవడానికి పైకి వెళ్లేవాళ్లు. ఆ పై తేబా వెనక, జాలీ తెరకు అవతల స్త్రీలు కూర్చునేవాళ్లు. అంటే చదివే మాట స్త్రీలకు కూతవేటు దూరంలో వినబడేది. వేరేచోట్ల స్త్రీలను మూలకు నెట్టేసిన మేడలతో పోలిస్తే ఇది చాలా నయం.

తోరా చుట్ట అంటే తోలు మీద చేత్తో రాసిన మోషే ఐదు గ్రంథాలు. మొత్తం 3,04,805 అక్షరాలు. అచ్చులకు గుర్తులు ఉండవు, చదివేవాడికి కంఠస్థం అయి ఉండాలి. ఒక్క అక్షరం చెరిగినా, పగిలినా, దిద్దించేదాకా ఆ చుట్టను సామూహిక పఠనానికి వాడకూడదు. అందుకే చుట్టను ఇక్కడ బట్టలో కాకుండా వెండి రేకు తొడిగిన గుండ్రని కర్ర పెట్టెలో నిలబెట్టి ఉంచుతారు. పైన కిరీటం పెడతారు. బంగారు కిరీటాల్లో ఒకటి తిరువాంకూరు మహారాజు కానుక.

పైకప్పు నుంచి వేలాడే రంగురంగుల గాజు దీపాలు 19వ శతాబ్దంలో బెల్జియం నుంచి వచ్చాయి. మధ్య మధ్యలో వెండి, ఇత్తడి నూనె దీపాలు ఉన్నాయి. కరెంటు లేని రోజుల్లో పండుగ రాత్రి వాటన్నిటినీ వెలిగించేవాళ్లు.

చైనా పలకల గురించి చెప్పే కథల్లో నిజమెంత?

1762లో కాంటన్ నుంచి పలకలు వచ్చాయి, నీలం తెలుపు, చేత్తో గీసినవి, సుమారు 1,100. ఇంతవరకు నిజం.

‘ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు’ అన్నది సగం నిజం. వంగి చూస్తే కొన్ని నమూనాలు మళ్లీ మళ్లీ వస్తాయి. కాని గీసింది అచ్చు కాదు, కుంచె. ఒక కొమ్మ ఇక్కడ కాస్త పొడుగు, అక్కడ రంగు కాస్త పలచన. ఆ అర్థంలో ప్రతిదీ వేరే.

కొచ్చి రాజు తన కోటకు ఈ పలకలు తెప్పించుకున్నాడని, తయారీలో ఆవు రక్తం కలిపారని ఒక యూదుడు చెప్పడంతో వద్దన్నాడని, అలా సినగాగ్‌కు చవగ్గా దక్కాయని ఇంకో కథ. వినడానికి బాగుంది, ఆధారం లేదు. చైనాతో వ్యాపార సంబంధాలున్న రహబీకి పలకల కోసం రాజును బురిడీ కొట్టించే అవసరమూ లేదు.

అధికారి కూతురు, పేద గుమస్తా ప్రేమించుకుని పక్షులైపోయిన కథ ఈ పలకల మీద ఉందని కొందరు చెబుతారు. ఆ కథ ఇంగ్లండ్ పింగాణీ వ్యాపారులు తమ విల్లో నమూనా పళ్లాల కోసం 18వ శతాబ్దం చివర్లోనో ఆ తర్వాతో ప్రచారంలో పెట్టింది. అప్పటికి ఈ పలకలు నేల మీద పరిచి ఏళ్లు గడిచాయి.

చెప్పులు ఎందుకు విప్పాలి? వేరే సినగాగ్‌లలో అడగరు కదా?

కేరళ ఆచారం. గుడిలోకి చెప్పులతో వెళ్లడం ఇక్కడ ఎవరూ చెయ్యరు, యూదులూ అదే పాటించారు. పలకలకూ మంచిదే.

రాగి శాసనంలో ఏముంది? అది ఇక్కడికి ఎలా వచ్చింది?

రెండు రేకులు. లిపి వట్టెళుత్తు, కొన్ని అక్షరాలు గ్రంథ లిపిలో, భాష ఆనాటి పాత తమిళ-మలయాళం. జోసెఫ్ రబ్బాన్‌కు ‘అంజువణ్ణం’ అనే వర్తక హక్కులు, 72 గౌరవాలు ఇచ్చారు. సుంకం మినహాయింపు, పల్లకీ, గొడుగు, పగటి దివిటీ, డోలు, బాకా వంటివి వాటిలో ఉన్నాయి. పగటిపూట దివిటీతో ఊరేగడం ఆ కాలంలో సామంతుల స్థాయి మర్యాద. ఈ హక్కులు అతని సంతతికి లోకమూ సూర్యచంద్రులూ ఉన్నంతకాలం చెల్లుతాయని రాశారు. మన శాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అన్నట్టే.

సంప్రదాయం దీన్ని క్రీ.శ. 379 నాటిదంటుంది. లిపినీ రాజు పాలన కాలాన్నీ బట్టి పండితులు 1000 ప్రాంతానికి తెస్తారు. రెండోదే నమ్మదగింది.

శాసనం దక్కింది కొడుంగల్లూరు యూదులకు. దాన్ని తరతరాలుగా దాచింది పరదేశి సినగాగ్. ఈ వారసత్వం ఎవరిదన్న వాదం ముందునుంచీ ఇక్కడున్న మలబారీ యూదులకూ పరదేశులకూ మధ్య చాలాకాలం నడిచింది. ‘మేమే అసలు వారసులం’ అనడానికి రేకులు ఎవరి మందసంలో ఉన్నాయన్నది పెద్ద సాక్ష్యం కదా. 2017 జూలైలో ప్రధాని నరేంద్ర మోదీ ఇజ్రాయెల్ వెళ్లినప్పుడు బెంజమిన్ నెతన్యాహుకు ఈ రేకుల నకళ్లు బహూకరించారు.

తెల్ల యూదులు, నల్ల యూదులు అంటారు, అసలు సంగతి ఏమిటి?

పలకలు, దీపాల గురించి చెప్పి దీన్ని దాటేసే పుస్తకాలే ఎక్కువ. కాని ఈ సినగాగ్ చరిత్రలో సగం ఇదే.

వలస వచ్చిన పరదేశులు ఎప్పుడూ కొన్ని వందలు దాటలేదు. వాళ్లకు ముందునుంచీ ఉన్న మలబారీ యూదులు వాళ్లకు ఎన్నో రెట్లు. పరదేశులు వాళ్లతో వియ్యమందలేదు, తమ ప్రార్థనలో సమానంగా లెక్కపెట్టలేదు. కుల వ్యవస్థ మధ్యన బతుకుతూ దాని పద్ధతినే తెచ్చుకున్నారు. ‘తెల్ల’, ‘నల్ల’ అన్న మాటలు బయటివాళ్లు స్థిరపరిచినవి. ఇప్పుడు రాసేటప్పుడు పరదేశి, మలబారీ అనడం మంచిది.

మూడో వర్గం మెషుహ్రారీములు. పరదేశుల ఇళ్లలో బానిసలుగా ఉండి విడుదలైనవాళ్లు, వాళ్ల పిల్లలు. యూదు ధర్మం పాటించేవాళ్లు, అదే సినగాగ్‌కు వచ్చేవాళ్లు. కాని బెంచీల మీద చోటు లేదు. ఇందాక చెప్పిన అజారాలో, నేల మీద కూర్చోవాలి. తోరా చదవడానికి పిలవరు. చనిపోతే పరదేశుల శ్మశానంలో చోటివ్వరు.

ఇది యూదు ధర్మశాస్త్రానికే విరుద్ధం. 16వ శతాబ్దంలోనే కొచ్చి నుంచి కైరోలోని పండితుడు డేవిడ్ ఇబ్న్ జిమ్రాకు ప్రశ్న వెళ్లింది. యూదు మతంలోకి తీసుకునే స్నానవిధి సక్రమంగా జరిగాక అందరూ సమానులే, పెళ్లి సంబంధాలూ కలుపుకోవచ్చు అన్నది ఆయన తీర్పు. ఆ తీర్పు కొచ్చిలో కాగితం మీదే ఉండిపోయింది.

మార్పు తెచ్చినవాడు ఆ అజారా నుంచే వచ్చాడు. అబ్రహాం బరాక్ సేలం, 1882-1967. మెషుహ్రారీం కుటుంబంలో పుట్టి మద్రాసులో చదివి వకీలయ్యాడు. కొచ్చి శాసనసభలో కూర్చున్నాడు, కార్మికుల కోసం పోరాడాడు. గాంధీ నుంచి సత్యాగ్రహం నేర్చుకుని దాన్ని తన గుడిలోనే వాడాడు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి కూర్చోవద్దన్న చోట కూర్చునేవాడు. 1930లు, 40లలో ఒక్కొక్క నిషేధమే సడలింది. 1950లో ఆయన కొడుకు ఒక పరదేశి అమ్మాయిని పెళ్లాడాడు. ఆ పెళ్లి ఈ సినగాగ్‌లో కాదు, బొంబాయిలో జరిగింది. సేలంను ‘యూదు గాంధీ’ అనేవాళ్లు.

అప్పటికి ఆలస్యమైపోయింది. కొద్ది ఏళ్లలో కలిసి కూర్చోవడానికి మనుషులే మిగల్లేదు.

వాళ్లను ఎవరూ వేధించకపోతే, ఎందుకు వెళ్లిపోయారు?

1948లో ఇజ్రాయెల్ ఏర్పడేనాటికి కొచ్చి యూదులు దాదాపు 2,500 మంది. యెరూషలేముకు తిరిగి చేరడం వాళ్ల రోజువారీ ప్రార్థనలోని కోరికే, రాజకీయం కాదు. దానికి తోడు ఇక్కడ వ్యాపారాలు తగ్గాయి. మలబారీలు ఇళ్లు, సినగాగ్ ఆస్తులు అమ్ముకుని సిద్ధమయ్యారు. కాని ప్రయాణం ఏళ్ల తరబడి వాయిదా పడింది. కొచ్చిలో బోదకాలు ఎక్కువ. జబ్బు తమ దేశంలోకి వస్తుందని ఇజ్రాయెల్ ఆరోగ్యశాఖ భయపడింది. ఉన్నది అమ్ముకుని కూర్చున్నవాళ్లకు ఆ నిరీక్షణ నరకం. చివరికి 1953-55 మధ్య ఊళ్లకు ఊళ్లే లేచి వెళ్లాయి. నెవాతిం, మెసిలత్ సియోన్, తావోజ్, కఫర్ యువాల్ వంటి వ్యవసాయ గ్రామాల్లో స్థిరపడ్డారు. మిరియాలు, గుడ్లు, చేపలు అమ్మినవాళ్లు అక్కడ కోళ్లు, పూలు పెంచారు. నెవాతింలో కొచ్చి యూదుల మ్యూజియం ఉంది.

పరదేశులు కాస్త ఆగారు. వాళ్లకు ఆస్తులు ఉన్నాయి, ఆ రోజుల్లో డబ్బు దేశం దాటించడానికి అనుమతి దొరికేది కాదు. 1968 డిసెంబరులో సినగాగ్ నాలుగు వందల ఏళ్ల పండుగకు ప్రధాని ఇందిరాగాంధీ వచ్చారు. తపాలాశాఖ 20 పైసల బిళ్ల విడుదల చేసింది. ఆ తర్వాత వాళ్లూ ఒక్కొక్కరే బయల్దేరారు.

జ్యూ టౌన్‌లో చేతికుట్టు దుకాణంతో ప్రపంచానికి తెలిసిన సారా కోహెన్ 2019లో, 96 ఏళ్ల వయసులో పోయారు. ఆమెను చివరిదాకా చూసుకున్న ముస్లిం కుటుంబమే దుకాణం నడిపింది. సినగాగ్ బాధ్యతలు చూసిన క్వీనీ హల్లేగ్వా 2024 ఆగస్టులో కన్నుమూశారు. పరదేశుల్లో ఇక్కడ మిగిలింది ఒకరే.

ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయా?

సామూహిక ప్రార్థనకు పదమూడేళ్లు నిండిన యూదు పురుషులు పదిమంది కావాలి. దీన్ని మిన్యాన్ అంటారు. సనాతన సంప్రదాయంలో స్త్రీలు ఆ లెక్కలోకి రారు. పదిమంది లేకపోతే ఎవరికి వారు ప్రార్థించుకోవచ్చు, కాని మందసం నుంచి తోరా తీసి సభలో చదవకూడదు, చనిపోయినవారి కోసం చెప్పే కద్దీష్ చెప్పకూడదు. అందుకని ఇప్పుడు పర్యాటకులుగా వచ్చిన యూదులు పదిమంది కలిస్తేనే పూర్తి ప్రార్థన. ఈ సినగాగ్ గురించి తరచుగా చెప్పే ‘కామన్వెల్త్ దేశాల్లో వాడుకలో ఉన్న అతి పాత సినగాగ్’ అనే మాటను ఈ షరతుతో కలిపి చదువుకోవాలి.

కొచ్చిలో దీక్ష పొందిన రబ్బీలు ఎప్పుడూ లేరు. చదువుకున్న పెద్దలే ప్రార్థన నడిపేవాళ్లు. వాళ్ల పద్ధతికి షింగ్లీ అని పేరు. షింగ్లీ అంటే కొడుంగల్లూరే.

పోగొట్టుకున్నవాటిలో సిమ్హత్ తోరా పండుగ పెద్దది. ఏడాది పొడుగునా సాగే తోరా పఠనం పూర్తయినందుకు జరుపుకునే పండుగ ఇది. తోరా చుట్టలన్నిటినీ తీసి, తాత్కాలిక మందసంలో పట్టుబట్టల మధ్య నిలిపి, పాడుతూ సినగాగ్ చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లు. స్త్రీలు మలయాళంలో పాటలు పాడేవాళ్లు, మగవాళ్ల ముందే. తల్లి నుంచి కూతురికి చేతిరాత పుస్తకాల్లో దిగివచ్చిన ఆ పాటలు ఇజ్రాయెల్‌కు వెళ్లాక పండితుల చేతికి చిక్కి బతికాయి.

చుట్టుపక్కల ఇంకేం సినగాగ్‌లు చూడొచ్చు?

పరవూరు, చేందమంగలం రెండూ బాగుచేసి మ్యూజియాలుగా పెట్టారు. కేరళ సినగాగ్ రూపురేఖలు తెలుసుకోవాలంటే, నిజం చెప్పాలంటే, పరదేశి కంటే పరవూరే మేలు. గేటు ఇల్లు, నడవ, ప్రాంగణం, మేడ మెట్లు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి, జనం తక్కువ. ఎర్నాకుళం మార్కెట్ దగ్గర కడవుంభాగం సినగాగ్ ముందు గదిలో చాలా ఏళ్లు అక్వేరియం చేపలు, మొక్కలు అమ్మారు. మట్టాంచేరిలోని ఇంకో కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కడాలు ఇప్పుడు యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్నాయి. ఖాళీ గోడలు ఇక్కడే మిగిలి, 2019 వానలకు ముందు భాగం కూలింది.

తెలుగు నేలతో యూదులకు సంబంధం ఉందా?

పరదేశి సినగాగ్‌తో నేరుగా లేదు. అయితే 17వ శతాబ్దం చివర్లో లండన్ నుంచి వచ్చిన పోర్చుగీసు యూదు వర్తకులు మద్రాసులో స్థిరపడి గోల్కొండ వజ్రాల వ్యాపారం చేశారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం తాము ఎఫ్రాయిం గోత్రపు యూదులమని చెప్పుకుంటుంది. వాళ్ల సినగాగ్ 1990ల మొదట్లోది. వాళ్లు మాదిగ సమాజం నుంచి వచ్చినవాళ్లు. కొచ్చి యూదులకు ఇజ్రాయెల్ ఇచ్చిన గుర్తింపు వీళ్లకు ఇంకా లేదు.

చూడ్డానికి వెళ్లాలంటే ఏ రోజు, ఏ వేళ?

ఆదివారం నుంచి గురువారం దాకా, ఉదయం 10 నుంచి 1, మళ్లీ 3 నుంచి 5. శుక్రవారం ఉదయమే. శనివారం శబ్బాతు, మూసి ఉంటుంది. వేళలు మారుతుంటాయి, బసచేసిన చోట ముందురోజు అడగండి.

తెలుగువాళ్లు తరచుగా దెబ్బతినేది దసరా సెలవుల్లో. యూదుల కొత్త సంవత్సరం, యోమ్ కిప్పూర్, పర్ణశాలల పండుగ, సిమ్హత్ తోరా వరసగా సెప్టెంబరు-అక్టోబరులోనే పడతాయి, ఆ రోజుల్లో తలుపులు తెరవరు. మార్చి-ఏప్రిల్‌లో పస్కా కూడా అంతే. ఇంకోటి, పక్కనున్న మట్టాంచేరి కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు. రెండూ ఒకేరోజు చూడాలంటే ఆదివారం-గురువారం మధ్యే పెట్టుకోండి.

సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం టౌన్‌లో దిగొచ్చు. శబరిమల నుంచి తిరిగొచ్చేవాళ్లు ఒక పూట కలుపుకుంటే సరిపోతుంది. హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో ఎక్కి ఫోర్ట్ కొచ్చిలో దిగితే, అక్కడినుంచి ఆటోలో రెండు రెండున్నర కిలోమీటర్లు. ఆటోవాడు మధ్యలో మసాలా దుకాణం దగ్గర ఆపుతానంటే ముందే వద్దనండి, ఒంటిగంట దాటిపోతుంది. టికెట్ నామమాత్రం, చిల్లర ఉంచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. పెద్ద సంచులు లోపలికి తేవద్దు.

లోపల ఫొటోలు తీయొచ్చా?

ప్రార్థనశాలలో ఒప్పుకోరు. ఒకవేళ ఎవరైనా తీస్తున్నా, ముందు కాపలాదారును అడగండి. తేబా కటకటాలు ముట్టుకోకండి, మందసం తెర ఎత్తి చూడకండి. 1344 నాటి రాయి, గడియారం గోపురం బయటే ఉన్నాయి. ఉదయం పదింటికే వెళ్తే రాయి మీది హీబ్రూ అక్షరాలు జనం అడ్డం లేకుండా చూడొచ్చు.